ఉకులేలే నుంచి టెనర్ గిటార్‌కు: ఏది కొనాలి, ఏ శ్రుతి పెట్టాలి?

తీరంలో_తీగలు (ఎంవీపీ కాలనీ), జూన్ 3

అందరికీ నమస్కారం. ఆరేళ్లుగా ఉకులేలే వాయిస్తున్నాను. మొదట సొప్రానో, ఇప్పుడు 17 అంగుళాల తీగ పొడవున్న టెనర్. సాయంత్రాలు ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని పాడుకుంటూ ఉంటాను. ఆ అలల హోరులో నా వాయిద్యం నాకే వినిపించదు. పాట కింద కాస్త బరువైన నాదం ఉంటే బాగుండుననిపిస్తోంది. ఆరు తీగల గిటార్ రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ మానేశాను. ఆ వెడల్పు మెడ నా చేతికి లొంగలేదు. నాలుగు తీగల లెక్కకు అలవాటుపడిన బుర్ర నాది.

టెనర్ గిటార్ అని నాలుగు తీగల గిటార్ ఒకటి ఉందని ఈ మధ్యే తెలిసింది. మా పిన్ని కొడుకు వచ్చే నెల డాలస్ నుంచి వస్తున్నాడు, తెమ్మంటే తెస్తానన్నాడు. తెప్పించుకునే ముందు అడుగుతున్నాను. దానికి నా ఉకులేలే శ్రుతే, అంటే జి-సి-ఇ-ఎ, పెట్టుకోవచ్చా? ఇప్పుడున్న టెనర్ ఉకులేలేకూ దానికీ తేడా ఎంత? తీగలు తెగితే మన ఊళ్లో దొరుకుతాయా, లేక ప్రతిసారీ డాలస్‌కు ఫోను చేయాలా?

నాలుగో_మెట్టు, జూన్ 3

పేరు చూసి మోసపోకండి. టెనర్ ఉకులేలే, టెనర్ గిటార్: ఇంటిపేరు ఒకటే, చుట్టరికం లేదు. ఒకటి నైలాన్ తీగలతో 17 అంగుళాలు, రెండోది ఉక్కు తీగలతో 23 అంగుళాలకు అటూఇటూ. డి-జి-బి-ఇ శ్రుతి పెట్టుకోండి, మీకు వచ్చిన కార్డులన్నీ అలాగే పనికొస్తాయి.

వాల్తేరు_మాండొలిన్, జూన్ 4

పై సలహా తప్పు కాదు కానీ, అదే మొదటి సలహా అయితే బాధేస్తుంది. టెనర్ గిటార్ ఎందుకు పుట్టిందో చూడండి. 1920లలో అమెరికా జాజ్ బృందాల్లో టెనర్ బాంజోది రాజ్యం. దాని శ్రుతి సి-జి-డి-ఎ. తర్వాత శ్రోతల మనసు గిటార్ వైపు మళ్లింది. బాంజో కళాకారులు కొత్త వేళ్ల పాఠాలు నేర్చుకోకుండానే గిటార్ నాదం ఇవ్వగలగాలి. అందుకోసం వచ్చిందే ఈ వాయిద్యం. గిబ్సన్, మార్టిన్ కంపెనీలు రెండూ 1927లోనే వీటిని తయారు చేశాయి. 1940లలో టైనీ గ్రైమ్స్ నాలుగు తీగల గిటార్‌తోనే జాజ్ పియానో కళాకారుడు ఆర్ట్ టేటమ్ పక్కన కూర్చుని వాయించాడు. తర్వాత కింగ్‌స్టన్ ట్రియో అనే జానపద బృందంలో నిక్ రేనాల్డ్స్ చేతిలో ఉన్నదీ టెనర్ గిటారే.

సి-జి-డి-ఎ అంటే ప్రతి తీగా తన కింది తీగకు పంచమం. మాండొలిన్, వయొలా, సెల్లో అన్నింటిదీ ఇదే తర్కం. నాలుగే తీగలతో కింది సి నుంచి పై ఎ దాకా దాదాపు రెండు స్థాయిలు ఖాళీ తీగల మీదే దొరుకుతాయి. ఉకులేలేలో తీగలన్నీ ఒకే గదిలో నలుగురు పడుకున్నట్టు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇక్కడ ఇల్లు విశాలం. సి కార్డు 0023 (అంకెలు వరసగా సి, జి, డి, ఎ తీగల మీద నొక్కాల్సిన మెట్లు, అంటే ఫ్రెట్లు; 0 అంటే ఖాళీ తీగ), జి కార్డు 2002, ఎఫ్ 0230, ఎ మైనర్ 0220. ఈ నాలుగూ పట్టి చూడండి, తర్వాత మాట్లాడదాం.

తీరంలో_తీగలు, జూన్ 4

నాలుగో_మెట్టు గారూ, డి-జి-బి-ఇ పెడితే నా సి కార్డు సి కార్డులాగే మోగుతుందా?

నాలుగో_మెట్టు, జూన్ 4

ఆకారం అదే, పేరు మారుతుంది. ఉకులేలే శ్రుతిని మొత్తంగా ఐదు మెట్లు కిందికి దించితే వచ్చేది డి-జి-బి-ఇ. మీరు ‘సి’ అని పట్టే 0003 ఇక్కడ జి అవుతుంది. మీ ఎఫ్ (2010) సి అవుతుంది. మీ జి (0232) డి అవుతుంది. ఎ మైనర్ పడితే ఇ మైనర్ వస్తుంది. గిటార్‌లోని సన్నని నాలుగు తీగలూ ఇవే కాబట్టి పక్కన గిటార్ వాయించేవాళ్ల వేళ్లు చూసి కూడా నేర్చుకోవచ్చు. దీన్ని చికాగో శ్రుతి అంటారు.

నాకు చాలా నచ్చిన లెక్క ఒకటి చెబుతాను. ఆ 23 అంగుళాల మెడకు ఐదో మెట్టు దగ్గర కేపో (తీగలన్నింటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించండి. మిగిలే తీగ పొడవు దాదాపు 17.2 అంగుళాలు. శ్రుతి జి-సి-ఇ-ఎ. అంటే మీ టెనర్ ఉకులేలే పొడవు, మీ ఉకులేలే శ్రుతి, ఉక్కు తీగల మీద. కేపో తీస్తే గిటార్, పెడితే ఉకులేలే. ఒక్కటే లోటు: నాలుగో తీగ జి ఇక్కడ మంద్రంగా ఉంటుంది. ఉకులేలేలో గడ్డం వైపు తీగ సన్నగా, హెచ్చుగా పలికి ఇచ్చే ఆ గలగల పోతుంది.

ఉక్కు_తీగ (ఉక్కునగరం), జూన్ 5

నేను సంగీతం మనిషిని కాను, మా అమ్మాయి గిటార్‌కు తీగలు మార్చే కూలీని. ఉక్కు గురించి మాత్రం ఉద్యోగం పుణ్యమా అని నాలుగు ముక్కలు తెలుసు. కేపో లేకుండా 23 అంగుళాల మెడ మీదే నేరుగా జి-సి-ఇ-ఎ పెట్టాలనుకుంటే ఇది చదవండి.

అందులో పై ఎ తీగ 440 హెర్ట్జ్ దగ్గర మోగాలి. సి-జి-డి-ఎలోనూ పై తీగ అదే ఎ కాబట్టి అసాధ్యం కాదు. కానీ ఆ పొడవులో ఆ స్థాయికి ఉక్కు తీగ తన శక్తికి బాగా దగ్గరగా పని చేస్తూ ఉంటుంది. 10 గేజ్ తీగ (అంగుళంలో వెయ్యో వంతుకు పది రెట్ల మందం) అయితే సుమారు 23 పౌండ్ల బిగువు, 9 గేజ్ అయితే సుమారు 19. ఇక్కడే చాలామంది పొరబడతారు, ‘తెగుతోంది కదా, లావు తీగ వేద్దాం’ అంటారు. అదే పొడవుకు, అదే స్థాయికి లావు తీగ వేస్తే అది మోయగల బరువు పెరుగుతుంది, దాని మీద పడే బరువూ అంతే పెరుగుతుంది. చదరపు మిల్లీమీటరుకు పడే భారం మారదు. కాబట్టి లావు పెంచితే తీగ బతకదు, బ్రిడ్జి (పైపలక మీద తీగలు బిగించే ముక్క) మాత్రం చస్తుంది. తెగకుండా ఉండాలంటే పొడవు తగ్గాలి లేదా స్థాయి తగ్గాలి, మూడో దారి లేదు. నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) గాడి పదునుగా ఉంటే సరిగ్గా అక్కడే తెగుతుంది, అది వేరే సంగతి.

ఇంకో మాట. ఉక్కు తీగలు ఉకులేలేకు వేసి చూద్దామని ఎవరికైనా అనిపిస్తే ఆ ఆలోచన మానుకోండి. ఆ బ్రిడ్జి నైలాన్‌కు అంటించినది, లేచి చేతికొస్తుంది.

చిట్టి_ఉకు, జూన్ 5

ఇంత గొడవ ఎందుకు అంకుల్, బారిటోన్ ఉకులేలే కొనుక్కోవచ్చు కదా? అదీ డి-జి-బి-ఇనే, మెడ 19, 20 అంగుళాలే, నైలాన్ తీగలే, వేళ్లు నొప్పి పెట్టవు. నా దగ్గర ఉంది. హాస్టల్‌లో రాత్రి పదకొండు తర్వాత వాయించినా ఎవరూ తిట్టరు.

తీరంలో_తీగలు, జూన్ 5

అమ్మా, ఎవరూ తిట్టనంత మెల్లగా మోగడమే నా సమస్య!

సపసప (విజయనగరం), జూన్ 6

రెండు రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను. నేను వయొలిన్ నేర్పుతాను. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠాలు చెప్పిన ఊరిలో ఉంటూ ఈ మాట అనకుండా ఉండలేను: మీరందరూ పాశ్చాత్య శ్రుతుల్లోనే తిరుగుతున్నారు. వయొలిన్ పుట్టుకతో జి-డి-ఎ-ఇ. దాన్ని మనవాళ్లు స-ప-స-పకు మార్చుకుని మన సంగీతాన్ని అందులోకి దించారు. టెనర్ గిటార్‌కు ఆ పని ఇంకా సులువు. సి-జి-డి-ఎ తీగలే ఉంచండి. డి తీగను రెండు మెట్లు దించితే సి, ఎ తీగను రెండు మెట్లు దించితే జి. వచ్చింది సి-జి-సి-జి, అంటే ఒకటి శ్రుతిలో స-ప-స-ప. ఉక్కు_తీగ గారు భయపెట్టిన పై తీగ కూడా వదులై ఊపిరి పీల్చుకుంటుంది.

ఇక వేళ్ల సంగతి. మెట్లున్న వాయిద్యానికి ఈ శ్రుతి ఇచ్చే వరం ఒకటుంది. మాయామాళవగౌళలో స తీగ మీద 0, 1, 4, 5 మెట్లు పడితే స-రి-గ-మ. ప తీగ మీద అవే 0, 1, 4, 5 పడితే ప-ద-ని-స. సరళీ స్వరాలు మొత్తం ఒకే చేతి అచ్చులో వస్తాయి. శంకరాభరణానికి 0, 2, 4, 5, రెండు తీగల మీదా అదే. మోహనానికి స మీద 0, 2, 4, ప మీద 0, 2, ఆ పైన పక్క తీగ ఖాళీగా మీటితే పై స. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ మాండొలిన్‌లో జంట తీగలు తీసేసి ఒంటి తీగలతో ఎంత పని చేశారో మీకు చెప్పనక్కర్లేదు. మీ నాలుగు ఒంటి తీగలకు ఏమి తక్కువ?

శ్రుతి ఎక్కువ కావాలంటే కేపో ఉండనే ఉంది. రెండో మెట్టు దగ్గర పెడితే రెండు శ్రుతి, ఐదో మెట్టు దగ్గర పెడితే నాలుగు శ్రుతి.

వాల్తేరు_మాండొలిన్, జూన్ 6

అమ్మా, మీ మాట మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆయన అడిగింది బీచ్‌లో పాట పాడుతూ కార్డులు వాయించుకోవడానికి. సి-జి-సి-జిలో మైనర్ కార్డు పట్టి చూపించండి. తంబురాకు మెట్లు పెట్టినట్టు అవుతుంది తప్ప సినిమా పాటకు తోడు రాదు.

సపసప, జూన్ 6

తంబురాకు మెట్లు పెడితే దాన్ని వీణ అంటారు నాయనా. సి మైనర్ కావాలంటే స తీగ మీద మూడో మెట్టు, మిగతావి ఖాళీ. 0030. వచ్చిందా?

వాల్తేరు_మాండొలిన్, జూన్ 6

వచ్చింది. మరి అక్కడి నుంచి ఎఫ్‌కు వెళ్లండి.

సపసప, జూన్ 6

0255. చిటికెన వేలు పడుకోబెట్టాలి. కష్టమేనని ఒప్పుకుంటున్నాను. నేనైతే అక్కడ కార్డు పట్టను, రాగం పాడతాను.

నాలుగో_మెట్టు, జూన్ 6

ఇద్దరూ టీ తాగి రండి. ప్రశ్న అడిగిన ఆయన పారిపోయేటట్టున్నారు.

గూడు_మరమ్మతు (కంచరపాలెం), జూన్ 8

ఆలస్యంగా చూశాను. వాయిద్యాలు బాగు చేయడం నా పని, కాబట్టి ఆ కోణం నుంచే చెబుతాను.

డాలస్ నుంచి తెప్పించే ముందు ఇంట్లోనే పరీక్షించుకోండి. ఎవరి దగ్గరైనా మూలన పడి ఉన్న చిన్న గిటార్, ముప్పావు సైజుది, ఉంటే తీసుకోండి. దాని తీగ పొడవు దాదాపు 23 అంగుళాలే. ఆరు తీగలూ విప్పి, బ్రిడ్జిలో నడిమి నాలుగు రంధ్రాలు వాడి, నాలుగు గాళ్లతో కొత్త నట్ కోసి పెడితే పొడవు పరంగా టెనర్ గిటారే. మెడ వెడల్పు మాత్రం తగ్గదు. అసలు టెనర్ గిటార్‌కు నట్ దగ్గర ఒకటింపావు అంగుళం ఉంటే దీనికి 1.7 దాకా ఉంటుంది. అయినా ఆ పొడవు మీ వేళ్లకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. ఉకులేలేలో మొదటి నాలుగు మెట్లూ మూడున్నర అంగుళాల్లో ఐపోతాయి. దీని మీద దాదాపు నాలుగు ముప్పావు. వాల్తేరు గారి పంచమాల శ్రుతిలో చిటికెన వేలికి పని ఎక్కువ పడేది అందుకే.

తీగల గురించి బెంగ వద్దు. డి-జి-బి-ఇకి ప్రత్యేకమైన సెట్టు అక్కర్లేదు. మామూలు 12 గేజ్ అకూస్టిక్ గిటార్ సెట్టులోని సన్న తీగలు నాలుగూ (12, 16, 24, 32) సరిపోతాయి. డాబా గార్డెన్స్, జగదాంబ వైపు గిటార్ తీగలు అమ్మే ఏ దుకాణంలోనైనా అడగండి. సి-జి-డి-ఎ అయితే 10, 14, 22, 32 ఏరుకోవాలి, విడి తీగలు అమ్మేవాళ్లను పట్టుకోవాలి. శ్రుతి మార్చినప్పుడల్లా గాడి సంగతి మరవకండి. సన్న తీగకు కోసిన గాడిలో లావు తీగ దిగదు, పైన కూర్చుని మొదటి మెట్టు దగ్గర శ్రుతి తప్పుతుంది. లావు తీగ గాడిలో సన్నది వేస్తే జరజరమంటుంది.

ఇక మన ఊరి సంగతి. బీచ్‌లో వాయించి వచ్చి సంచిలో పడేస్తే ఉక్కు తీగలు పది రోజుల్లో గరుకెక్కుతాయి. మీ నైలాన్ తీగలకు ఈ బాధ తెలియదు. వాయించాక పొడిగుడ్డతో ఒక్కో తీగనూ కింద నుంచి కూడా తుడవండి. పూత వేసిన తీగలు ఖరీదైనా సముద్రం పక్కన గిట్టుబాటే. కొనేటప్పుడు అంతా అసలు చెక్క కావాలని పట్టుబట్టకండి. ఇక్కడి తేమకు పైపలక ఉబ్బి తీగలు మెట్ల మీద నుంచి ఎత్తుగా లేస్తాయి. ఆగస్టులో అలాంటివి నా దగ్గరికి వరసగా వస్తాయి. వెనకా పక్కలా పొరల చెక్క ఉన్నది నిలకడగా ఉంటుంది. బ్లూరిడ్జ్, గోల్డ్ టోన్ లాంటి కంపెనీలు ఇప్పటికీ టెనర్లు చేస్తున్నాయి, మీ తమ్ముణ్ణి వాటిలో చూడమనండి. నా మటుకు నాకు పాత 1920ల సరుకు మీద మోజు లేదు. మెడ వంగిందో లేదో ఫోటోలో కనిపించదు.

తీరంలో_తీగలు, జూన్ 27

ఆలస్యానికి క్షమించండి. గూడు గారి మాట విని మా మేనల్లుడు వదిలేసిన ముప్పావు గిటార్ తెచ్చుకున్నాను. నట్ వేరే ఒకాయన చేత కోయించాను, రెండో గాడి కొంచెం లోతైంది, జరజరమంటోంది. డి-జి-బి-ఇ పెట్టాను. మొదటి సాయంత్రం బ్రహ్మాండం. చేతికి తెలిసిన కార్డులే, చెవికి కొత్త గొంతు. మా ఆవిడ వంటింట్లోంచి ‘రేడియోనా?’ అని అడిగింది.

రెండో రోజు అత్యాశకు పోయాను. కేపో వెతకడానికి బద్ధకించి, ఇ తీగనే ఎ దాకా ఎక్కిద్దామని కీ తిప్పాను. జి దాటాక ఒక చిన్న మూలుగు, ఆ వెంటనే ఠప్. చెంప మీద గీత పడింది.

ఉక్కు_తీగ, జూన్ 27

కన్ను తప్పిందా? దేవుడు చల్లగా చూశాడు. 12 గేజ్ తీగను అంత దూరం లాగారా? ముప్పై పౌండ్లు దాటి ఉంటుంది. జూన్ 5న రాసినది మళ్లీ చదవండి.

తీరంలో_తీగలు, జూన్ 27

చదివాను. ఇప్పుడు అర్థమైంది కూడా. ఇంకో ఇబ్బంది ఉంది. ఉకులేలేలో చూపుడు వేలి గోరుతో మణికట్టు విదిలించి వాయించే అలవాటు నాది. దీని మీద రెండు పాటలకే గోరు అరిగింది. పైగా తీగ మోత ఆగడం లేదు, ఒక కార్డు మీద ఇంకోటి పడి గందరగోళం.

వాల్తేరు_మాండొలిన్, జూన్ 28

నైలాన్ తీగ మీటిన వెంటనే తనంతట తానే నిద్రపోతుంది. ఉక్కు తీగను మీరే జోకొట్టాలి. కుడి అరచేయి అంచును బ్రిడ్జికి ముందు తేలిగ్గా ఆనించండి. లేదా కార్డు పట్టిన ఎడమ వేళ్లను లేపకుండా కాస్త వదులు చేయండి, మోత తెగుతుంది. గోరుకు బదులు మధ్యరకం పిక్ (తీగ మీటే చిన్న పలక) పట్టండి, గట్టిది వద్దు. ఉకులేలేలా పైకీ కిందకీ విడవకుండా వాయిస్తే పదహారు మంది ఒకేసారి మాట్లాడినట్టుంటుంది. కింది తీగ ఒకసారి, మిగతా మూడు ఒకసారి, అలా ఖాళీ వదిలి చూడండి.

ఒప్పుకోవాల్సింది ఇంకోటి ఉంది. నిన్న రాత్రి నా టెనర్‌ను సి-జి-సి-జికి దించాను. ఆ 0, 1, 4, 5 అచ్చు... సపసప గారికి నమస్కారం. కార్డుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

సపసప, జూన్ 28

ఉండండి నాయనా. జంట స్వరాలైనా వాయించుకున్నారు, నాకదే సంతోషం. మొదటి మెట్టు రి దగ్గర తీగను కాస్త పక్కకు లాగి వదలండి, మెట్టు వాయిద్యమైనా గమకానికి దారి ఇస్తుంది.

గూడు_మరమ్మతు, జూన్ 28

లోతైన గాడిలో ఎముక పొడి, అంటుకునే జిగురు కలిపి నింపి మళ్లీ కోయవచ్చు. నట్ మార్చనక్కర్లేదు. తీసుకురండి.

తీరంలో_తీగలు, జూలై 19

తమ్ముడు వచ్చే డిసెంబరులో మళ్లీ వస్తాడట, అప్పుడు అసలు టెనర్ తెమ్మన్నాను. దానికి సి-జి-డి-ఎ పెడతానని వాల్తేరు గారికి మాటిచ్చాను. కార్డులు విసుగొస్తే రెండు తీగలు దించి సరళీ స్వరాలు. ఈ ముప్పావు గిటార్ మాత్రం డి-జి-బి-ఇలోనే ఉంటుంది. ఉకులేలే అమ్ముతారా అని ముగ్గురు విడిగా అడిగారు. అమ్మను. ఆ హెచ్చు జి గలగల దీని మీద ఏ కేపో పెట్టినా రాలేదు.

నిన్న సాయంత్రం దీన్ని మొదటిసారి బీచ్‌కు తీసుకెళ్లాను. అలల మీదుగా కూడా వినిపించింది. ఒక పాట అయ్యేసరికి మురీ మిక్స్చర్ బండి అతను పొట్లం కడుతూ కడుతూ దగ్గరికి వచ్చి, ఆరు కీల తల వైపు, నాలుగు తీగల వైపు మార్చి మార్చి చూసి, ‘రెండు తెగిపోయినా బాగానే లాక్కొస్తున్నారు బాబూ’ అన్నాడు.